హసన్ బాకీ తీరిన వారం

గురువారం మధ్యాహ్నం మౌలాలి ఒక పెళ్లివారి పరుపు మూతి కుడుతుండగా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. దబ్బనం పరుపులోనే గుచ్చి ఉంచి, వేళ్లకంటిన దూది లుంగీకి తుడుచుకుని చూశాడు. క్రెడిట్ కార్డు మీద కట్టాల్సింది సున్నా. మళ్లీ చూశాడు. మూడేళ్లుగా ఆ చోట ఏదో ఒక అంకె లేని నెల లేదు.

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ వెనక సందులో అతనిది పరుపుల దుకాణం. దూది ఏకడం, పరుపు కుట్టడం తాతల నాటి పని. జనం ఫోమ్ పరుపులకు అలవాటు పడ్డాక పెళ్లిళ్ల సీజనులో తప్ప బేరం లేదు. కార్డు అతని పేరు మీదే ఉంది గానీ, దాంతో అతను తనకోసం కొన్నది ఒక్క గోడ ఫ్యాను. మిగతాదంతా వాడింది తమ్ముడు హసన్.

హసన్ స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కింద పనిచేసేవాడు. ఆ కాంట్రాక్టు అయిపోయాక సెకండ్ హ్యాండ్ వ్యాను కొని చేపలు తోలతానన్నాడు. తెల్లారకుండా భీమిలిలో సరుకెత్తితే ఎలమంచిలిలో మంచి రేటు పలుకుతుందని అతని లెక్క. పని లేనివాడికి బ్యాంకు కార్డు ఇవ్వదు. అన్నకు దుకాణం ఉంది కాబట్టి అన్న పేరు మీద అడుగుదామనుకున్నారు. ఆ పని పక్క జిరాక్స్ షాపు సత్యం చక్కబెట్టాడు. పరుపుల మీద ఏడాదికి ఆరు లక్షలు వస్తున్నట్టు ఆదాయపు పన్ను కాగితాలు వేశాడు. మౌలాలి ఆరు లక్షలు కలలో కూడా చూసినవాడు కాదు. సంతకం పెడుతుంటే ఇద్దరూ నవ్వుకున్నారు.

కార్డు వచ్చింది. మరుసటేడు, ఆరు లక్షలు సంపాదించే ఇంటికి తెల్ల రేషను కార్డు దేనికని అది తీసేశారు. బియ్యం పోయాయే అని ఇంట్లో కాస్త గొణుక్కున్నారు. దాంతోపాటు ఆస్పత్రి ఖర్చు భరించే సర్కారు పథకంలోంచి కూడా తమ పేర్లు పోయాయని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

వ్యానుకు టైర్లు, ఐసు పెట్టెలు, డీజిలు, ఇంజను మరమ్మతు, అన్నీ కార్డు మీదే గీశారు. ఒక ముసురు పట్టిన తెల్లవారుజామున అనకాపల్లి దాటాక వ్యాను బోల్తా పడింది. హసన్ అక్కడికక్కడే పోయాడు.

జనాజా నమాజుకు ముందు, పోయినవాడి తరఫున ఇంటి మగమనిషి లేచి, ఇతను ఎవరికైనా బాకీ ఉంటే నన్నడగండి, లేదంటే మాఫీ చేయండి అని చెప్పడం వాళ్ల ఆనవాయితీ. మౌలాలి లేచి చెప్పాడు. డీజిలు బంకు మనిషి తర్వాత ఇంటికొచ్చి సగం తీసుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీ తవిటయ్య మసీదు గేటు బయటినుంచే చెయ్యెత్తి, నాకు రావాల్సిందేం లేదని అబద్ధం చెప్పాడు. బ్యాంకు తరఫున ఎవరూ రాలేదు.

తల్లి సర్దార్ బీ దీన్ని మరచిపోలేదు. బాకీ ఉన్నవాడి ప్రాణం పైకి పోదని, తీరేదాకా మధ్యలోనే వేలాడుతుందని ఆమె చిన్నప్పటినుంచి విన్నది. కార్డు మీద ఎవరి పేరుంటే ఏం, సొమ్ము ఖర్చు పెట్టినవాడు హసన్. నెలనెలా మౌలాలి డబ్బు కట్టి రాగానే ఇంకా ఎంతుందని అడిగేది. దిండు గలేబులు కుడితే వచ్చిందని చెప్పి తన వంతు కూడా అతని చేతిలో పెట్టేది.

పది రోజుల కిందట మెట్లెక్కుతూ ఆమె గుండె పట్టుకుని కూలబడింది. రెండు రక్తనాళాలు పూడుకుపోయాయని, స్టెంట్లు వేయాలని, నెల దాటనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. మాత్రలు ఎప్పటినుంచి మానేశారని అడిగాడు. మౌలాలి భార్య ఖుష్నుమా తిరిగి అత్త ముఖంలోకి చూసింది. ఏడాదిగా సర్దార్ బీ ఇస్తూ వచ్చింది గలేబుల డబ్బు కాదు, మాత్రలకని వీళ్లిచ్చినదే.

ప్రైవేటులో లక్షా డెబ్బై వేలవుతుందన్నారు. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు అక్కర్లేదు గానీ, పేరు రాయించుకుని పిలిచేదాకా ఆగాలి. ఖుష్నుమా గాజులు ఎప్పుడో కార్డు వడ్డీ కింద పోయాయి. దూది మిషను అమ్ముదామంటే ఇనుము ధరకు తప్ప అడిగేవాడు లేడు.

ఫోన్‌లో సున్నా కింద ఇంకో అంకె ఉంది. వాడుకోవడానికి రెండు లక్షలు.

మౌలాలి షట్టరు సగం దించి సత్యం దగ్గరికి నడిచాడు. అమ్మ కార్డు మూసేయమంటుందని తెలుసని, మూసేశానని ఆమెకు చెప్పి ఉంచేసుకుందామనుకుంటున్నానని చెప్పాడు.

"అదే సెయ్యి బావ. ఇన్నాళ్లు సరిగ్గా కట్టినావు, బ్యాంకోళ్ల కాడ నీ స్కోరు బాగుంటాది. మూసేత్తే పడిపోద్ది."

"నాకు స్కోరేటి, నానేటి సెంచరీ కొట్టాలా?"

"నవ్వకు. మనలాంటోళ్లకి మళ్లీ అడిగితే ఇవ్వరు."

సత్యం కాసేపు మిషనులో కాగితాలు సర్దాడు. ఆరు లక్షలని వేయకుండా ఉండాల్సిందని, తల ఎత్తకుండానే అన్నాడు. వేసింది సత్యమే గానీ సంతకం తనది.

ఇంటికెళ్లి సంగతి చెప్పగానే సర్దార్ బీ మంచం మీద కూర్చునే చేతులెత్తి చాలాసేపు దువా చేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పోనాడురా. నా కొడుకు ఇయ్యాల పైకి పోనాడు."

ఆ వెంటనే కార్డు మూసేయమంది.

ఖుష్నుమా వంటింట్లోంచి వచ్చింది. రేపే ఆస్పత్రిలో చేర్చాలంది. తాను ఇంకో రెండిళ్లలో వంటకు కుదురుతానని, రెండేళ్లలో తీరిపోతుందని, ఇంతకన్నా పెద్దదే తీర్చామని చెప్పింది. ఆమె అత్త మాటకు ఎదురు చెప్పడం మౌలాలి చూడటం అదే మొదటిసారి.

"పోనోడి కోసం కట్టినాం. బతికున్న మనిషి కోసం కట్టలేమేటి అత్తా?"

సర్దార్ బీ కోడలి వైపు మెత్తగానే చూసింది. ఆమెకు చెప్పాల్సింది కొడుక్కి చెప్పింది.

"ఒరే మౌలా, హసన్‌కి నువ్వు లెగిసినావు. రేపు నాకూ లెగుత్తావు. ఈ బాకీ నెత్తినెట్టుకుని నువ్వే పోతే, నీకెవులు లెగుత్తారు?"

మౌలాలికి ఒక్కతే కూతురు, నర్సింగు చదువుతోంది. జనాజా దగ్గర ఆడపిల్ల లేచి చెప్పడం వాళ్లలో లేదు. ఖుష్నుమా మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

రేపు చేస్తానని మౌలాలి అన్నాడు. ఇప్పుడే, తన ముందే చేయమని, తానూ వింటానని తల్లి పట్టుబట్టింది. లేకపోతే ఏ ఆస్పత్రి మెట్టూ ఎక్కనంది. అతను బ్యాంకుకు ఫోన్ చేసి స్పీకరులో పెట్టాడు. చాలాసేపు పాట మోగాక ఒక అమ్మాయి పలికింది. మర్యాదగా మాట్లాడింది. మీలా బాకీ మొత్తం తీర్చినవాళ్లకు లిమిటు మూడు లక్షలు చేస్తామని, ఇకమీదట ఏటా ఫీజు కూడా ఉండదని చెప్పింది.

"ఏటంటంది ఆ పిల్ల?"

"ఉంచుకోమంటంది."

"మంచి పిల్ల. వద్దని సెప్పు."

కారణం రాసుకోవాలి, అవసరం తీరిపోయిందా అని ఆ అమ్మాయి అడిగింది. తీరలేదండి అన్నాడు మౌలాలి. మరి ఎందుకని ఆమె మళ్లీ అడిగింది. మీకు నచ్చింది రాసుకోండి అన్నాడు. ఫోన్‌కు వచ్చిన ఆరంకెలు చెప్పమంది. అతను వాటిని ఒకటొకటిగా, మధ్యలో ఆగి ఆగి చెప్పాడు. ఏడు పని దినాల్లో కార్డు మూతపడుతుందని, సేవ చేసే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలని ఆ అమ్మాయి అంది.

ఆ పూట సర్దార్ బీ అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఖుష్నుమా వడ్డించింది.

శుక్రవారం పొద్దున్నే దుకాణం తెరవకుండా మౌలాలి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాడు. గుండె విభాగం కిటికీ దగ్గర నిలబడి రిపోర్టులు లోపలికిచ్చాడు. గుమాస్తా పేరు రాసుకుని, ఫోన్ నంబరు రాసుకుని, పిలుస్తామన్నాడు. డాక్టరు నెలలోపే చేయించమన్నాడని మౌలాలి చెప్పాడు. ఇక్కడున్నవాళ్లందరికీ అలాగే చెప్పారని గుమాస్తా అన్నాడు, విసుక్కోకుండానే. వారానికి నలుగురికి వేస్తారట.

సర్దార్ బీది నలభై ఒకటో పేరు.