ఇంటి మనిషికి కాగితమా?

తొమ్మిదేళ్ల పనికి ఒక్క కాగితం అడిగిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపించిన వాదన మండీ యజమానిదేనని మదనపల్లెలో అందరూ అనుకున్నారు. కాదు. దాన్ని ఆయన నోటికి అందించింది నేను. ఈమధ్య దాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో నేను టమోటా మండీలో గుమాస్తాను. తీరిక వేళల్లో మహా తార్కికుణ్ణి. ఒకే మాటను ముందొక అర్థంలో, వెంటనే ఇంకో అర్థంలో వాడి నెగ్గేవాళ్లను పట్టుకోవడం నా సరదా. ఒకసారి పుంగనూరు బస్సులో ఒకాయన, "ఇది ప్రజల బస్సు. నేనూ ప్రజల్లో మనిషినే. ఈ సీటు నాది" అంటూ ఇద్దరి జాగాలో కాళ్లు చాపాడు. "అట్లయితే స్టీరింగు కూడా నీదే గదప్పా, పోయి తోలు" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటూ నేను వారం రోజులు బతికాను.

ఆ రోజు నవ్వినవాళ్లలో, తర్వాత కాగితం అడిగిన ఆమె కూడా ఉంది. రోజూ అదే బస్సులో పుంగనూరు నుంచి వచ్చి మండీలో కాయలు ఏరేది. పండు, దోర, పగులు అన్నీ ఆమె చెయ్యి తగలగానే వేరైపోయేవి. కుప్పంలో ఒక కూరగాయల ప్యాకింగు షెడ్డులో ఏరేవాళ్ల మీద సూపర్‌వైజరు ఉద్యోగం ఖాళీ పడింది. నెల జీతం. పాత చోటు నుంచి అనుభవం రాయించుకొస్తే చాలన్నారు.

అంత మంచి చెయ్యి పోతుందని యజమానికి బెంగ. "ఏం సెప్పి ఆపేదప్పా?" అని నన్నడిగాడు. ఆయన మెప్పు నాకు కావాలి. "ఇంటి మనిషివి అనండి" అన్నాను.

మర్నాడు ఆమె వచ్చి అడిగింది.

"నువ్వు మా ఇంటి మనిషివా, కాదా?" అన్నాడు యజమాని.

"ఔనప్పా" అంది ఆమె సంతోషంగా.

"ఇంటి మనిషికి యాడన్నా సర్టిఫికెట్టు ఇస్తారామ్మా? మా యమ్మ నలభై ఏండ్లు వంట సేసింది. ఏ పొద్దన్నా కాగితం అడిగిందా?"

మండీ అంతా నవ్వింది. ఆమె నవ్వబోయి ఆగి, నావైపు చూసింది. మొదటిసారి 'ఇంటి మనిషి' అంటే అభిమానం; రెండోసారి వాళ్లమ్మతో సమానమైన చుట్టరికం. చుట్టమన్న ఈమె పండగనాడు యజమాని ఇంటి వసారా మెట్టు దగ్గరే కూర్చుని తినేదని నాకు తెలుసు. అక్కడ వడ్డించిందీ నేనే. బస్సులో గర్జించిన సింహం ఆ పూట చీటీలు సర్దుకుంటూ కూర్చుంది.

కాగితం లేక ఆమె ఆ షెడ్డులోనే దినకూలికి చేరింది. ఈమధ్య కుప్పం వెళ్లి, మధ్యాహ్నం అన్నం వేళ గేటు దగ్గర ఆమెను కలిశాను. దారిపొడుగునా మంచి మంచి వాక్యాలు కూర్చుకున్నాను.

"ఆ పొద్దు ఏదో అట్ల జరిగిపోయిందమ్మా."

ఆమె డబ్బా మూత పెట్టింది. "వాన పడినట్ల దానంతట అదే జరిగిందా సారూ? నువ్వన్నా ఒక మాట అంటావని నీ పక్కే సూస్తి నేను."

కూర్చుకున్న వాక్యాలన్నీ పోయాయి.

"ఆ మాట ఆయనకు నేర్పిందే నేనమ్మా. అది మోసమని తెలిసే నేర్పినాను. నీకు రావాల్సిన ఉద్యోగం పోగొట్టింది నేను. నన్ను మన్నించు."