మళ్ళీ బిగించని నట్లు

మీరెవరో నాకు తెలీదు. అదే మేలు. తెలిసినవాళ్ళకి చెప్పలేకే ఇన్నేళ్ళు దీన్ని మోశాను. వంట చేస్తూ, కొట్లో కూర్చుని, పెళ్ళిళ్ళలో నలుగురితో నవ్వుతూ మోశాను. పన్నెండేళ్ళ పైమాటే. గుండెల మీద బరువు అంటారు గానీ, నాది అరచేతిలో ఉంటుంది. పానా పట్టుకున్నప్పుడల్లా తెలుస్తుంది. రబ్బరు కొట్టు నడిపే ఆడదాన్ని, పానా పట్టుకోని రోజంటూ నాకు ఉండదు.

ఆమె పేరు ఉమ అనుకోండి. నా ఆడపడుచు. నేను విజయనగరం వైపు నుంచి కోడలిగా భిలాయి వచ్చేటప్పటికి ఇంకా ఇంటరు చదువుతోంది. క్యాంప్ 1లో రెండు గదుల ఇల్లు, పవర్ హౌస్ మార్కెట్లో మావగారి కొట్టు. గొట్టాలు, బెల్టులు, గాస్కెట్లు, మిషన్ల కింద పరిచే రబ్బరు పలకలు అమ్మేవాళ్ళం. నాకు హిందీ రాదు. ఉమకి హిందీలోనే కలలొచ్చేవి. నా తెలుగు చూసి తను నవ్వేది, తన తెలుగు చూసి నేను నవ్వేదాన్ని. ఆ ఇంట్లో నాతో ముందుగా కలిసింది ఉమే. ఈ మాట ఇప్పుడే చెప్పెయ్యాలి, తర్వాత చెబితే సాకులా ఉంటుంది.

ఉమకో స్కేట్‌బోర్డు ఉండేది. స్టీలు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్‌లో ఉన్న స్నేహితురాలు ఊరొదిలి వెళ్ళిపోతూ ఇచ్చింది. సెక్టార్ల రోడ్లు వెడల్పుగా, చెట్ల నీడలో ఖాళీగా ఉంటాయి. చూడ్డానికి నున్నగానే ఉంటాయి కానీ తారులోంచి కంకర తేలి ఉంటుంది. బోర్డు చక్రాలేమో చిన్నవి, రాయిలా గట్టివి. కాసేపు తొక్కితే అరికాళ్ళు తిమ్మిరెక్కి మోకాళ్ళ దాకా జివ్వుమనేది. మందపాటి మేజోళ్ళు వేసింది. మోకాళ్ళు వంచి నిలబడడం నేర్చుకుంది. పెద్ద, మెత్తటి చక్రాలు వేస్తే సరిపోతుందట గానీ, అవి ఇక్కడ దొరకవు. బోర్డు మీద వెళ్తూ నన్ను నవ్వించడానికి "ఆ..." అని రాగం తీసేది. అదురుకి ఆ రాగం ముక్కలు ముక్కలై పడేది.

అది విని నాకు తట్టింది. మిషన్ అదిరితే దాని కింద ఏం వెయ్యాలో రోజూ చెప్పే కొట్టు మాది. ఈ చెక్కకీ దాని కింది ఇరుసుకీ మధ్య రబ్బరు వేస్తే? మొదట పల్చటి గట్టి రబ్బరు కోసి పెట్టాను. పెద్దగా తేడా లేదు. తర్వాత మందంగా, వేలితో నొక్కితే దిగే రబ్బరు కోశాను. పాత బోల్టులు పొట్టివైపోతే, కొట్లో ఉన్న పొడుగు బోల్టులూ మామూలు నట్లూ వేసి బిగించాను. మా వ్యాపారం చేసేవాళ్ళ బుద్ధే అంత. ఎంత మందమైతే అంత మంచిదనుకుంటాం. మిషన్ ఒక్కచోటే ఉంటుందనీ, పిల్ల ఒరుగుతుందనీ, వాలుతుందనీ, తిరుగుతుందనీ నాకు తోచలేదు. అది తెలియక చేసింది. దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను.

ఆ సాయంత్రం ఉమ వీధి చివరి నుంచి "ఆ..." అంటూ వచ్చింది. రాగం ఎక్కడా తెగలేదు. దిగి వచ్చి నన్ను వాటేసుకుంది. నాకు ఆ ఊళ్ళో అడుగుపెట్టాక మొదటిసారి, నేను కూడా ఒక మనిషినే అనిపించింది.

మర్నాడు తన స్నేహితురాళ్ళు కొట్టుకి వచ్చారు. బోర్డు ఎక్కి చూసి, ఎవరు చేశారని అడిగారు. ఉమ హిందీలో, నేనే చేసుకున్నానంది. గొప్పకి అంది, అంతే. ఆ వయసులో ఎవరనరు? నేను రబ్బరు గురించి రెండు ముక్కలు హిందీలో చెప్పబోయాను. నా మాట విని వాళ్ళు నవ్వారు. ఉమ కూడా నవ్వింది. రోజూ నవ్వేదే. కానీ ఆ నవ్వు వేరే అనిపించింది. నా మొహం మాడిపోయింది. ఇంత చిన్న సంగతా, అని మీరు అనొచ్చు. నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను. చిన్నదే. అందుకే చెప్పుకోడానికి ఇంత సిగ్గు.

ఇక్కడ మీకో సంగతి తెలియాలి. కొత్త రబ్బరు వేసి బిగిస్తే, బరువు పడ్డాక అది అణుగుతుంది. అణిగితే నట్టు వదులవుతుంది. అందుకని ఒక రోజు నడిచాక మళ్ళీ బిగించాలి. మా కొట్లో రబ్బరు కొన్న ప్రతి మనిషికీ చిల్లరతో పాటు ఆ మాటా ఇచ్చి పంపుతాం. మావగారు చెప్పేవారు, ఆయన లేనప్పుడు నేను చెప్పేదాన్ని. హిందీలో నేను తడుముకోకుండా చెప్పగలిగిన మొదటి వాక్యం అదే. కొనని వాళ్ళకి కూడా చెప్పాను. ఉమకి చెప్పలేదు.

తను అడగలేదా అంటే, అడిగింది. ఆ రాత్రి అన్నాలు తింటూ అడిగింది.

"వదినా, దీనికి ఇంకేటైనా సెయ్యాలేటి? రేపు పొద్దున్న ఉతై రోడ్డుకి ఎల్తన్నాం."

"నన్నడుగుతావేటి? నువ్వే సేసుకున్నావు కదా."

"అరే, మజాక్ కియా వదినా, ఉత్తినే అన్నాను. సెప్పు. ఠీక్ హై నా?"

"బాగానే ఉంది. ఏటీ అక్కర్లేదు."

"పక్కా?"

"పక్కా."

పానా గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. కంచం కడుక్కుని అది తీసుకుంటే, తను మంచినీళ్ళు తాగేలోపు పని అయిపోయేది.

నేనేం కోరుకున్నాను? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోని రోజు లేదు. తను పడాలని కోరుకోలేదు. ఒట్టు. నట్లు వదులై మళ్ళీ అదరాలి, ఆ స్నేహితురాళ్ళ ముందు టకటకమని చప్పుడవ్వాలి, తను మొహం వేలాడేసుకుని మళ్ళీ నా దగ్గరికి రావాలి. అప్పుడు నేను కాస్త బెట్టు చేసి బిగించాలి. అదీ నేను కోరుకున్నది. అంతేనా? అంతేనని ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నాను. కానీ వదులైన నట్టుతో ఏమేం కావచ్చో రోజూ జనానికి చెప్పే దాన్ని, ఆ ఒక్క రాత్రి అదెలా మర్చిపోయాను?

మర్నాడు పొద్దున్న ఉతై రోడ్డు మీద కల్వర్టు దిగుడులో బోర్డు ఒక్కసారిగా పక్కకి లాగేసింది. ఉమ మోచేతి మీద పడింది. ఎముక చితికిపోయింది. స్నేహితురాళ్ళు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి, బోర్డుని మా గుమ్మంలో వదిలి వెళ్ళారు.

అందరూ ఆసుపత్రిలో ఉండగా దుప్పట్లకని నేను ఇంటికొచ్చాను. బోర్డు తిప్పి చూశాను. ముందు వైపు నట్లు వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. ఒకటి అసలు లేదు. మేకు మీది పానా తీశాను. కొట్టుకెళ్ళి కొత్త నట్టు తెచ్చి వేశాను. అన్నీ బిగించాను. కొత్త నట్టు మెరుస్తుంటే దానికి కాస్త మట్టి కూడా రాశాను. మట్టి రాసిన సంగతి ఇంతవరకు నాకు నేను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. ముందు రోజు నాది పంతం. ఇది పంతం కాదు. దీనికి నా దగ్గర ఏ సాకూ లేదు.

సాయంత్రం మావగారు వచ్చి బోర్డుని ఊపి చూశారు, నట్లు పట్టి చూశారు. ఆయన అబద్ధమాడని మనిషి. బోర్డులో లోపం లేదు, పిల్లే తూలిందన్నారు. మా ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు. పడేముందు కాలి కింద ముందువైపు గడగడ ఆడిందని ఉమ చెప్పింది. అందరికీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. నా వైపు చూసింది. నేను దిండు సర్దాను. కొన్నాళ్ళకి ఆ మాట చెప్పడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి, నాకు బ్యాలెన్స్ లేదు వదినా, అనడం మొదలుపెట్టింది.

ఆ చెయ్యి పూర్తిగా చాపలేదు ఇప్పటికీ. దానికంటే ఆ బ్యాలెన్స్ మాటే నన్ను ఎక్కువ కోసింది. స్కూటీ నేర్చుకోలేదు. దుర్గ్‌లో కాపురం పెట్టాక కూడా ఎక్కడికి వెళ్ళాలన్నా ఆటో కోసం నిలబడుతుంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. రోడ్డు మీద పిట్టలా తిరిగిన పిల్ల. తన ఒంటిని తనే నమ్మదు. నమ్మనివ్వకుండా చేసింది నేను. తర్వాత నేను ఎంత చేశాను తనకి! పురుళ్ళకి నేనే దగ్గరున్నాను. ఇలాంటి వదిన ఎవరికీ ఉండదని అందరితో చెబుతుంది. ఆ మాట వింటుంటే ఒళ్ళు చచ్చిపోతుంది నాకు.

పోయిన ఆదివారం ఉమ కూతుర్ని తీసుకుని మా ఇంటికొచ్చింది. ఆ పిల్ల అటక మీది సామాన్లలోంచి బోర్డు లాగించుకుంది. నేను చూసేసరికి దాని మీద ఎక్కి, గోడ పట్టుకుని కదులుతోంది. నవ్వుతూ "ఆ..." అంటోంది. ఎవరు నేర్పారు ఆ రాగం? ఉమ పరిగెత్తుకొచ్చి, ఆ వంకర చేత్తోనే పిల్లని దించి, వీపు మీద ఒక్కటి వేసింది. నీకూ నా పోలికే, మనకి బ్యాలెన్స్ ఉండదమ్మా, ఇలాంటివి మనకొద్దు, అంది. పిల్ల ఏడుస్తూ నా కొంగులోకొచ్చి దూరింది. నేను నోరు తెరిచాను. తెరిచి, టీ పెడతానన్నాను.

ఇది ఆ పిల్ల దాకా వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇవాళ బోర్డు కొట్టుకి తెచ్చాను. మధ్యాహ్నం బేరాల్లేని వేళ, నేను బిగించిన నట్లు నేనే విప్పాను. తుప్పు పట్టి కష్టంగా వచ్చాయి. రబ్బరు బిరుసెక్కి చెక్కకి అతుక్కుపోయింది. మీకు ఇది రాస్తున్నది ఆ నట్లు విప్పిన బల్ల మీదే. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెలా క్షమిస్తారు, పడింది మీరు కాదు కదా. ఉమ క్షమిస్తుందని కూడా అనుకోను. క్షమిస్తే తట్టుకోగలనో లేదో తెలీదు. వచ్చే ఆదివారం తను వస్తుంది. తనకి చెప్పాల్సిన నిజం నా నోట్లోంచి అసలు వస్తుందో రాదో చూసుకోవాలి కదా. అందుకని ఇందాక ఖాళీ కొట్లో పైకే అని చూశాను.

ఉమా, నువ్వు తూలలేదు. నట్లు వదులయ్యాయి. అవుతాయని నాకు తెలుసు.

గొంతు అదిరిపోయింది. ఆపకుండా చివరిదాకా అన్నాను.