ఇల్లుంటేనే ఓటట!

2017లో, మేము ఇండియా నుంచి వలస వచ్చిన రోటోటూనాలోని మా అద్దె ఇంటికి ఓటరు నమోదు ఫారాలు రెండు వచ్చాయి. రెసిడెన్సీ, అంటే ఇక్కడే ఉండిపోయే హక్కు, వచ్చి ఏడాది దాటింది, పౌరసత్వం లేకపోయినా ఓటు వేయొచ్చు. ఈ దేశం నా అభిప్రాయం అడగడం అదే మొదలు. ఎంత సంబరపడ్డానో! మా ఆయన మాత్రం రెండూ చెత్తబుట్టలో పడేశాడు. మా ఇంటి ఓనరు అంకుల్ మాట ఆయనకు వేదం మరి.

ఆ ఆదివారం అంకుల్ ఇంట్లో భోజనాలు. పులిహోర వడ్డించుకుంటూ మొదలెట్టాడు.

"ముందు ఇల్లు కొనుక్కుని సెటిల్ అవ్వండమ్మా. ఓన్ హౌస్ లేనోళ్లకి ఓటేంటసలు? ఈ మావోరీలు చూడు, ఓట్లేసి గవర్నమెంటు బెనిఫిట్లన్నీ లాగేస్తన్నారు."

మా ఆయన గంగిరెద్దులా తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మావోరీలంటే తెల్లవాళ్ల కంటే ముందు నుంచీ ఈ నేల మీద ఉన్నవాళ్లు. మా ఆసుపత్రి ల్యాబులో నాతో పనిచేసే మావోరీ ఆవిడ వాళ్ల పెద్దల సంగతి చెప్పింది. నూటయాభై ఏళ్లు దాటిన తొలి ఎన్నికల చట్టంలో మావోరీలకు ఓటు లేదని రాయలేదట. అంత మొరటు పని తెల్లదొరలు చేస్తారా? భూమో ఇల్లో తన ఒక్కడి పేరు మీద ఉన్న మగాడికే ఓటన్నారు, అంతే. వాళ్ల భూములేమో తెగ మొత్తానివి. తర్వాత దయతలచి పార్లమెంటులో వాళ్లకంటూ నాలుగు సీట్లు విదిలించారు. నూరేళ్లు దాటినా ఆ నాలుగే.

"కోనసీమలో మీ కొబ్బరితోట ఎవరి పేరు మీదుంది అంకుల్?" అన్నాను.

ఆయన ఛాతీ పొంగింది. "ఇప్పటికీ మా తాతగారి పేరు మీదే! నలుగురు అన్నదమ్ములం, పంచుకోలేదు. మా మధ్య గట్టే లేదు."

"అయితే ఇక్కడి పాత చట్టం ప్రకారం ఆ తోట చూపిస్తే మీకూ ఓటు రాదు," అని ఆ కథంతా చెప్పాను.

"ఆళ్లూ మనమూ ఒకటేనా?"

"ఛ, ఎలా అవుతారు? వాళ్లు ఒకరి ఓటు తీసెయ్యమనలేదుగా."

ఆంటీ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

"ఇల్లు ఖాళీ చెయ్యమంటే?" అన్నాడు మా ఆయన కారులో.

"చేద్దాం," అన్నాను.

చెత్తబుట్టలోంచి నా ఫారం తీసి, నింపి పంపాను. పోలింగుకు ముందే లైబ్రరీలో ఓటేయొచ్చంటే వెళ్లాను, మనవాళ్ల అలవాటు చొప్పున పాస్‌పోర్టు, కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు, అన్నింటికీ రెండేసి జిరాక్సులు ఫైల్లో పెట్టుకుని. కౌంటరు దగ్గరావిడ పేరూ అడ్రసూ అడిగి బ్యాలెట్ చేతికిచ్చింది. ఫైలు తెరవనే లేదు. ఆ ఇల్లు ఎవరిదని అడగలేదు.

ఎన్నికలైన వారానికే అంకుల్ మూడు నెలల నోటీసిచ్చాడు. మహానుభావుడు! ఇల్లు ఆయనకే వదిలేశాం. ఓటు మాత్రం నాతోనే వచ్చింది.