బురదరాయికి తడి గోనెపట్ట

పరీక్షలంటే భయపడి ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, చివరికి రాళ్ళకు పరీక్షలు పెట్టే చోట పనికి కుదిరాను. రాబర్ట్‌సన్‌పేట దాటాక ఒక చిన్న ల్యాబు అది. సొరంగాలు తవ్వేవాళ్ళు నేలలోంచి తొలిచి తీసిన రాతి కడ్డీలను మాకు పంపుతారు. మిషన్లో పెట్టి నొక్కి, ఎంత బరువుకు పగులుతాయో చూడాలి. ఒక నెల చూసి, ఉంచుకునేదీ లేనిదీ చెబుతామన్నారు సారు. ఊళ్ళో మాత్రం నేను అప్పటికే ఇంజనీరునని చెప్పేసుకున్నాను.

నెలాఖరులో ఒక పెట్టె వచ్చింది. కొన్ని ఇసుకరాయి కడ్డీలు, గట్టివి. ఒకటి బురదరాయి, మెత్తది.

"రేపు పరీక్ష. అంతవరకూ మెత్తరాయి ఆరిపోకుండా చూడప్పా. ఆరితే బీటలిస్తాది" అని చెప్పి సారు వెళ్ళిపోయారు.

అది నాకు నేర్పాలా! క్యాసంబళ్ళి దగ్గర మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. మల్బరీ ఆకు వాడిపోకుండా తడి గోనెపట్ట కప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. రాళ్ళకూ అదే కప్పాను. ప్రేమ ఎక్కువై ఇంకో చెంబు నీళ్ళు కూడా చల్లాను.

పొద్దున గోనెపట్ట ఎత్తితే ఇసుకరాయి చెక్కుచెదరలేదు. బురదరాయి మాత్రం రాగిముద్దలా వేళ్ళకు అంటుకుంది.

"మెత్తరాయి యాడప్పా?"

"ఈడే ఉండాది సార్." ఇంకోసారి చూసి, "ఉండింది" అన్నాను.

"నీళ్ళు పోసినావా?"

"ఆరకుండా చూడమంటిరి కదా సార్."

"దాని తడి దాంట్లోనే ఉండేటట్టు ప్లాస్టిక్ చుట్టాలప్పా! తానం చేయించినావా?"

సారు సొరంగం సైటుకు ఫోన్ చేశారు. తిట్లు ఆయన తిన్నారు, కడుపు నాకు నిండింది. ఒక్క బురదరాయి కడ్డీ మిగిలిందట, లారీలో ముళబాగిలు దాకా పంపుతామన్నారు.

"పోయి తీసుకురా. ఇదీ పాడయితే నువ్వు మళ్ళీ పురుగుల దగ్గరికే" అన్నారు సారు.

కడ్డీ తీసుకుని బస్సెక్కానో లేదో వాన. కిటికీ మూసుకోదు. ప్లాస్టిక్ చుట్టే ఉన్నా నమ్మకం చాలక, చొక్కా విప్పి దానికి చుట్టి, ఒళ్ళో పెట్టుకుని వంగి కూర్చున్నాను.

"బిడ్డకు ఎన్ని నెలలప్పా?" పక్క సీటు పెద్దమ్మ అడిగింది.

"ఇది రాయి పెద్దమ్మా."

ఆమె లేచి వెనక సీటుకు పోయింది.

ల్యాబులో కడ్డీని మిషన్ కింద నిలబెట్టారు. మిషన్ మెల్లగా నొక్కింది. మిషన్ మీది అంకె పెరిగి పెరిగి ఆగింది. కడ్డీ ముద్దకాకుండా, నిలువునా చీలింది. ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాను. సారు అంకె రాసుకుని నా వైపు తిరిగారు.

"వచ్చే నెల కూడా రాప్పా" అన్నారు. "చొక్కా వేసుకుని."