మొక్కుకున్న పేరు

కాలిన ఫ్లెక్సీ కంపు రెండు దినాలైనా మా వీధిని వదల్లేదు. వేంపల్లెకు దగ్గర్లోని ఈ నేతగాళ్ల ఊరి నుంచి సినిమాలకు పోయి హాస్యనటుడైనవాడు నాతో కలిసి పెరిగిన హుస్సేనప్ప ఒక్కడే. వాడి బొమ్మనే మా ఊరి కుర్రాళ్లు నడివీధిలో తగలబెట్టారు. వాడు చేసిన తప్పల్లా యుద్ధం నడుస్తుండగా టీవీలో నోరు విప్పడం. "ఈడ కూచోని కొట్టండి కొట్టండి అని అరిసేది సులువప్పా, సరిహద్దు ఊళ్లలో పొయ్యి ఎలిగించుకునే ఆడోళ్లను అడగండి" అన్నాడు. అంతే, నాయకులు దేశద్రోహి అన్నారు, పేరు చూసి పక్క దేశానికి పొమ్మన్నారు, చేతిలో ఉన్న సినిమాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి.

పేరట, పేరు. ఒళ్లు మండిపోతుంది నాకు. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేసే వాళ్లమ్మకు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, పీర్ల చావిడిలో మొక్కుకున్నాక పుట్టాడు గనక హుస్సేనప్ప అయ్యాడు. మా చిన్నప్పుడు ఏ వీధిలో చూసినా అలాంటి పేరున్న హిందువుల పిల్లలు ఉండేవాళ్లు. పీర్ల పండుగ వస్తే నూలుకు పెట్టే గంజి వాసన మీద ఊదు పొగ కమ్ముకునేది, ఆమె రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు కడుతుంటే మేం కాచుకుని ఉండేవాళ్లం, పీరును ఎత్తే మస్తాన్ తాత పీరు ముందర ఫాతిహా చదివింపులు కాగానే మొదటి ముద్ద మా చేతుల్లోనే పెట్టేవాడు.

ఆ పగలంతా వేషాలే. మొహానికి మసి ఉన్నంతసేపు వేషగాడు ఏమన్నా ఎవరూ కోపగించుకోకూడదని మా ఊరి కట్టుబాటు. ఒక ఏడు హుస్సేనప్ప పెనం మసితో మీసాలు దిద్దుకుని, పక్క ఊరితో తగాదా పెట్టుకున్న పెద్దాయన ముందర నిలబడి, "నువ్వు అరుగు దిగవు, తలకాయలు పగిలేది మా నాయనోళ్లవి" అనేశాడు. ఆయన కాసేపు గుడ్లురిమి చూసి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వి, "శానా మాటలు నేర్చినావు రా" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నిన్న ఫోన్ చేసి వాణ్ని బతిమాలాను. "నేసేవాళ్ల ఇంట్లో పుట్టినోణ్ణి, ఇది మొక్కుబడి పేరు అని టీవీలో ఒక్క మాట చెప్పప్పా, అంతా సద్దుకుంటాది."

"అట్ల చెప్తే, సాయిబులైతే తిట్టచ్చని నేనే ఒప్పుకున్నట్టు గదప్పా. మస్తాన్ తాత మనవళ్ల ముందర ఏ మొగం పెట్టుకోని నిలబడేది?"

వాడి మొండితనం మీద కోపం వచ్చింది, ఆ మాట చెప్పమన్నందుకు నా మీద నాకు అంతకన్నా కోపం వచ్చింది. ఈసారి పండుగకు రానన్నాడు. చావిడికి సున్నం వేస్తున్నారు, మొక్కుకోవడానికి ఆడవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. పుట్టిన బిడ్డకు మాత్రం ఆ పేరు పెట్టడం లేదు.