విమానాల ఆటకు నేను వెతికిన చప్పుడు

మణుగూరులో నేను టీవీ గేముల దుకాణం పెట్టింది తొంభైల నడుమ. బొగ్గుబావుల కార్మికులుండే వాడలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. మాది బోనకల్ దగ్గర పల్లె. పత్తి, మిరప తప్ప వేరే సంగతి తెలియని ఇల్లు. బావి అంటే నాకు అప్పటిదాకా మోటబావే.

గది యజమానులు పక్కనే ఉండేవాళ్ళు, ఆలుమగలు ఇద్దరే. ఆయన బావిలో బొగ్గు కొట్టేవాడు. ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. గది ఇచ్చేటప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే.

"పాటలు గీటలు ఏమన్న పెట్టుకో తమ్మీ. బావి సైరన్ మాత్రం నాకు వినపడాలె. వినపడకుంటే గది ఖాళీ చేపిస్త."

పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి షిఫ్టు మారేటప్పుడు సైరన్ కూసేది. గోడకు గడియారం ఉండగా ఈమెకు సైరన్‌తో ఏం పని అనుకున్నాను. పిచ్చి షరతని లోపల నవ్వుకుని సరేనన్నాను.

టీవీ పాతది. బొమ్మ బాగానే వచ్చేది కానీ నెల తిరక్కుండానే స్పీకరు పోయింది. నేను బాగు చేయించలేదు. ఆ ఆటల్లో వచ్చే సంగీతమంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. నాలుగు టింగుటింగులు, మళ్ళీ మొదటికి. అంతకన్నా మంచిది నేనే పెడతానని టేప్‌రికార్డరు, దానికో పెద్ద సౌండుబాక్సు తెచ్చాను. ఇక ఏ ఆటకు ఏ వాయిద్యం అన్నదే నా లోకమైపోయింది.

గోడలెక్కి దూకే ఆటకు సన్నాయి పెట్టాను. కారు పందేనికి డప్పు. అది మోగుతుంటే అందరూ అక్కర్లేని చోట కూడా స్పీడు పెంచి గుద్దుకునేవాళ్ళు. పైనుంచి పడే ఇటుకలను సర్ది పేర్చే ఆటకు వీణ. మొదటి షిఫ్టు దిగి వచ్చే ఒక పెద్దమనిషి రోజూ అదే ఆడేవాడు. "మీద పడేదాన్ని సర్దుకునుడు మాకు అలవాటే. గీ వీణ బావిల గూడ పెడితే మంచిగుండు" అనేవాడు. సినిమా పాటలు అడిగినవాళ్ళతో మాత్రం కొట్లాడేవాణ్ణి. పాటలో మాటలుంటే మనసు వాటి వెంట పోతుంది, చెయ్యి ఆగిపోతుంది అని నా వాదం. "ఆడేది మేము, నడుమ నీ పెత్తనం ఏంది?" అని ఒకాయన లేచి వెళ్ళిపోయాడు కూడా.

విమానాల ఆట ఒక్కటే నాకు లొంగలేదు. శత్రు విమానాలు గుంపుగా వచ్చి బాంబులు వేస్తుంటాయి. డప్పు పెడితే జాతరలా ఉంది, మృదంగం పెడితే కచేరీలా ఉంది. ఒకరోజు మూడింటికి సైరన్ కూస్తుంటే చటుక్కున తోచింది, ఇదే కదా కావాల్సింది! మర్నాడు టేప్‌రికార్డరు డాబా మీదికి తీసుకుపోయి, ఖాళీ క్యాసెట్టులో ఆ కూత మొత్తం ఎక్కించాను.

ఆ మరుసటి రోజు పన్నెండు దాటాక ఇద్దరు రెండో షిఫ్టువాళ్ళు విమానాల ఆటకు కూర్చున్నారు. తెర మీదికి విమానాలు రాగానే బటను నొక్కి, వాల్యూము చివరిదాకా తిప్పాను. గది అదిరింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆడుతున్న ఇద్దరూ మాత్రం అదిరిపడి లేచారు. "ఆపు! జల్దీ ఆపు!" అని ఒకాయన అరిచాడు. ఆపేలోపే పక్కింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడు. బయటికి వచ్చి చూస్తే అక్క చెప్పులు కూడా వేసుకోకుండా బావి దారిన ఉరుకుతోంది. ఆమెను చూసి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు.

ఆపమని అరిచినాయనే అప్పుడు చెప్పాడు. షిఫ్టు వేళకు కూస్తే పని. వేళ కాని వేళ కూస్తే బావిలో ప్రమాదం. ఆ వాడలో నాకు తప్ప అందరికీ తెలిసిన సంగతి. అక్క భర్త ఆ పూట మొదటి షిఫ్టులో ఉన్నాడు, భూమి కింద.

నేనూ ఉరికాను. ఏమీ కాలేదని, సైరన్ కూయనే లేదని గేటు దగ్గరి మనిషి అప్పటికే చెబుతున్నాడు. చేసిన పని నలుగురి ముందూ ఒప్పుకున్నాను. ఆ ముగ్గురు ఆడవాళ్ళూ నన్ను నోరారా తిట్టి ఇంటికి మళ్ళారు. అక్క తిట్టలేదు. గేటు పక్క గోడకానుకుని కూర్చుంది.

"తప్పు నాదే అక్కా. లోపల ఏం కాలేదు. ఇంటికి పోదాం."

"అవ్, ఏం కాలేదు. నువ్వు పో. నేను మనిషిని సూసినంక వస్త."

నాకు పోబుద్ధి కాలేదు. కాస్త ఎడంగా కూర్చున్నాను. దగ్గర దగ్గర మూడు గంటలు ఆమె గేటు వైపే చూస్తూ ఉంది. బొగ్గు పెళ్ళలు గీరుకుపోయిన పాదాల మీద నెత్తురు ఎండిపోయింది. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

మూడింటికి అసలు సైరన్ కూసింది. ఆమె కదల్లేదు, నేనే ఉలిక్కిపడ్డాను. కాసేపటికి ఒంటినిండా మసితో ఆయన బయటికి వచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు. ఆమె లేచి నెత్తి నుంచి కాళ్ళ దాకా ఆయన్ని చూసుకుంది. "పొయ్యి మీద అన్నం మాడిపోయింది" అంది. అప్పుడు ఏడ్చింది.

జరిగిందంతా నేనే చెప్పాను. కొడితే కొట్టనీ అనుకున్నాను. ఆయన నా వైపు చూడనే లేదు, ఆమె పాదాల వంకే చూస్తున్నాడు.

"పద్నాలుగేండ్ల సంది దిగుతున్న తమ్మీ" అన్నాడు. "వేళ కాని వేళ ఎన్నిసార్లు కూసిందో. కింద మాకేమయితదో అనే సూసుకున్న. పైన ఈమె ఏం జేస్తదో ఒక్కనాడు అడగలే."