తాళం చుట్టూ గీతలు

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, రెండు పనులు బాగా వచ్చు. తాళాలు బాగుచేయడం, మనుషుల్ని అనుమానించడం. నేను టీ ఇస్తే ముందు నా మొహం చూసి, తర్వాత కప్పు అందుకుంటారు.

తాళాల దుకాణం అన్నదమ్ములిద్దరిదీ. తెరిచేది మాత్రం పెద్దాయనే. ఒకరోజు పొద్దున షట్టర్ తాళం తీశాక, అలవాటుగా దాన్ని బొటనవేలితో తడిమారు. కన్నం చుట్టూ గీతలు తగిలాయి.

"తాగినోడి చెయ్యి ఇది. కన్నం దొరక్క గీకాడు," అని మా ఆయన వైపు చూశారు. మందు వాసనకే ముక్కు మూసుకునే మనిషి వైపు!

కొత్త తాళం వేశారు. తాళంచెవి ఒక్కటే, అదీ ఆయన జేబులోనే. అయినా గీతలు పడ్డాయి. ఇంకొకరైతే కాస్త ఆలోచించేవారు. ఈయనకి అనుమానం కాస్తా రుజువైపోయింది.

"తాళంచెవి లేకుండా తీసే విద్య వాడికి నేర్పింది నేనే కదా!"

అత్తయ్య తిట్టింది, పక్క షాపు మంగలి నచ్చజెప్పాడు. ఎంత చెబితే అంత బిగుసుకుపోయారు. చివరికి తమ్ముణ్ణి దుకాణం మెట్లు ఎక్కొద్దన్నారు. మా ఇంటికి ఆధారం ఆ దుకాణమే. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన్ని కడిగేద్దామని పొద్దున్నే వెళ్లి షట్టర్ పక్కన నిలబడ్డాను. ఆయన వచ్చారు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరున్నా నన్ను చూడలేదు. తాళంచెవి కన్నం మీద కాకుండా పక్కన గీరుకుంది. మళ్లీ గీరుకుంది. చివరికి వేలితో వెతికి దూర్చారు. తాళం ఊడదీసి తడిమి, "మళ్లీ వచ్చాడు వెధవ!" అన్నారు.

అయ్యో! వేళ్లతో పనిచేసే మనిషి కాబట్టి చూపు పోతోందని ఎవరికీ తెలియలేదు. కానీ చెబితే నమ్మే రకమా?

"నిజమే బావగారూ, ఎవరో వస్తున్నారు," అన్నాను. "సాయంత్రం కొత్త తాళం వెయ్యండి. రేపు తాళంచెవి పెట్టకముందే తడమండి. దొరికిపోతాడు."

ఆ మాట ఆయనకి భలే నచ్చింది.

మర్నాడు నా ముందే తడిమారు. నున్నగా ఉంది. "ఇవాళ భయపడ్డాడు," అని నవ్వి తాళంచెవి పెట్టబోయారు. కీచుమంది. చెయ్యి ఆగిపోయింది. బొటనవేలు మెల్లగా కన్నం చుట్టూ తిరిగింది, ఇంకోసారి తిరిగింది.

"ఈమధ్య ఇత్తడిలో కల్తీ ఎక్కువైందమ్మా," అన్నారు.

తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"వాణ్ణి రమ్మను. ఇకనుంచి వాడే తీస్తాడు."